పాత వ్యాక్స్‌ను వీఎంలోకి ఎక్కించాలి, ముందు ఏమేం చూసుకోవాలి?

తూకంచీటీ: మా ప్లాంటులో మైక్రోవ్యాక్స్ 3100 (డెక్ కంపెనీ వాళ్ళ పాతకాలపు వ్యాక్స్ కంప్యూటర్) ఒకటి ఇంకా నడుస్తోంది. వేబ్రిడ్జి చీటీల ప్రోగ్రాం దాని మీదే. రాసినాయన రిటైరయ్యారు, సోర్స్ కోడ్ ఎవరి దగ్గరా లేదు. లైనక్స్ వీఎం (వర్చువల్ మెషీన్)లో సిమ్‌హెచ్ (పాత కంప్యూటర్లను అనుకరించే సాఫ్ట్‌వేర్) వేసి అందులోకి మార్చమన్నారు. 4 కోర్లు, 8 జీబీ ర్యామ్ ఇస్తారట, సరిపోతాయా? ఆదివారం షట్‌డౌన్ దొరికింది.

పాతఇనుము: ర్యామ్ గొడవే లేదండీ. సిమ్‌హెచ్‌లో మీ 3100కి బదులు వాడే మైక్రోవ్యాక్స్ 3900కి 512 ఎంబీకి మించి ఇవ్వలేం. కోర్లు రెండు చాలు, వ్యాక్స్ నడిచేది ఒకదాని మీదే. కాన్ఫిగ్‌లో ‘సెట్ సీపీయూ ఐడిల్=వీఎంఎస్’ మర్చిపోకండి (వీఎంఎస్ అంటే వ్యాక్స్ ఆపరేటింగ్ సిస్టమ్). అది లేకపోతే వ్యాక్స్ ఖాళీగా ఉన్నా ఆ కోరు నూటికి నూరు శాతం తిరుగుతూనే ఉంటుంది, సర్వర్ టీమ్ మీ సీటు దగ్గరికి వస్తుంది.

కానీ అసలు భయం డిస్క్. ఏళ్ళ తరబడి ఆగకుండా తిరిగిన డిస్క్ ఒకసారి చల్లబడితే మళ్ళీ తిరుగుతుందన్న నమ్మకం లేదు. మాది కరెంటు పోయి వచ్చాక రెండుసార్లు టక్ టక్‌మని ఊరుకుంది. అందుకని మెషీన్ ఆపకముందే, నడుస్తుండగానే, బ్యాకప్/ఇమేజ్/ఇగ్నోర్=ఇంటర్‌లాక్ కమాండ్‌తో మొత్తం డిస్క్ బ్యాకప్ ఒకటి తీసి బయట పెట్టుకోండి. తెరిచి ఉన్న ఫైళ్ళు పూర్తిగా రాకపోవచ్చు, ఏమీ లేకపోవడం కన్నా నయమే కదా. ఆదివారం ప్రోగ్రాం ఆపేశాక సరైనది తీయండి.

వీఎంఎస్_అక్క: ఆ సేవ్‌సెట్‌ను (బ్యాకప్ కమాండ్ రాసే ఫైలు) ఎఫ్‌టీపీలో తెస్తే బైనరీ మోడ్ పెట్టండి. అయినా అవతల వీఎంఎస్‌లో తెరిస్తే సేవ్‌సెట్ కాదంటుంది, కంగారు పడొద్దు. రికార్డ్ సైజు పోయి ఉంటుంది. సెట్ ఫైల్/అట్రిబ్యూట్‌తో ఫిక్స్‌డ్, 32256 అని ఇవ్వండి, తెరుచుకుంటుంది. ఇది తెలియక నేను ఒక రాత్రంతా కూర్చున్నా.

ఇంకోటి, పేర్లు మారతాయి. మీ డీకేఏ0 డిస్క్ అక్కడ డీయూఏ0 అవుతుంది, నెట్‌వర్క్ కార్డు ఈఎస్ఏ0 కాస్తా ఎక్స్‌క్యూఏ0 అవుతుంది. కమాండ్ ఫైళ్ళలో ఆ పేర్లు నేరుగా రాసి ఉన్నాయేమో ఇప్పుడే సెర్చ్ కొట్టి చూడండి.

స్విచ్‌బాబు: డెక్‌నెట్ (డెక్ వాళ్ళ పాత నెట్‌వర్క్ పద్ధతి) వాడుతున్నారా? అయితే చాలామంది పడే గుంట ఇదే. డెక్‌నెట్ ఫేజ్ 4 లేవగానే మ్యాక్ అడ్రస్‌ను (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) తనే మార్చేస్తుంది. మీ డెక్‌నెట్ అడ్రస్ 1.5 (ఏరియా 1, నోడ్ 5) అయితే 1×1024+5, అంటే 1029. హెక్స్‌లో 0405, బైట్లు తిరగేస్తే ఏఏ-00-04-00-05-04. వీఎంకి ఇచ్చిన మ్యాక్ ఒకటి, వ్యాక్స్ పంపేది ఇంకోటి, వర్చువల్ స్విచ్ ఒప్పుకోదు. వీఎమ్‌వేర్ అయితే పోర్ట్ గ్రూప్‌లో (వర్చువల్ స్విచ్‌లో వీఎం తగిలే పోర్టుల గుంపు) ప్రామిస్క్యువస్ మోడ్, మ్యాక్ మార్పులు, ఫోర్జ్‌డ్ ట్రాన్స్‌మిట్స్ మూడూ ‘యాక్సెప్ట్’ చేయించండి. సెక్యూరిటీ వాళ్ళు వెంటనే ఒప్పుకోరు, ఈ పనికి విడిగా పోర్ట్ గ్రూప్ అడిగితే మెత్తబడతారు. వ్యాక్స్‌కి రెండో నెట్‌వర్క్ కార్డు ఇచ్చి, లైనక్స్ వైపు దానికి ఐపీ పెట్టకండి. ఒకే కార్డు పంచుకుంటే వ్యాక్స్‌కు ఊరంతా కనిపిస్తుంది, తను కూర్చున్న లైనక్సే కనిపించదు.

వీఎంని క్లోన్ చేసి రెండూ ఆన్ చేయొద్దు. ఒకే మ్యాక్ ఇద్దరికి.

పాతఇనుము: లైసెన్స్ కాగితాలు వెతికారా? హాబీయిస్ట్ లైసెన్స్‌తో (సరదాకి వాడుకునేవాళ్ళకి ఇచ్చిన వీఎంఎస్ లైసెన్స్) కానిద్దామని ఎవరైనా అంటే వినకండి. ఆ పథకానికి హెచ్‌పీఈ 2020లోనే మంగళం పాడింది, ఉన్నప్పుడైనా కంపెనీ పనికి వాడకూడదు.

తూకంచీటీ: కాగితాలు స్టోర్ బీరువాలో దొరికాయి, లీగల్ వాళ్ళకి పంపాం. ఆదివారం బ్యాకప్ మాత్రమే తీశాం, మెషీన్ ఆపలేదు. డీకేఏ0 అని రాసిన చోట్లు పదిహేడు తేలాయి. వేబ్రిడ్జి సీరియల్ కేబుల్ వ్యాక్స్ సీరియల్ పోర్టు టీటీఏ2కి ఉంది, దాన్ని వీఎంకి ఎలా కలపాలి?

స్విచ్‌బాబు: యూఎస్‌బీ కన్వర్టర్ వద్దు, వీఎం ఆ ఒక్క సర్వర్‌కే కట్టుబడిపోతుంది. వేబ్రిడ్జి దగ్గర సీరియల్-ఈథర్‌నెట్ పెట్టె పెట్టి, సిమ్‌హెచ్‌లో డీజెడ్ (సీరియల్ పోర్టుల కార్డు) లైన్ 2ను దాని ఐపీకి అటాచ్ చేయండి. బాడ్ రేటు (సీరియల్ లైన్ వేగం) పాత మెషీన్‌లో షో టెర్మినల్ కొట్టి ఇప్పుడే రాసిపెట్టుకోండి.