కలంకారీ గుడ్డ మీద గీసినవారి పేరు రాసుకోవచ్చా?

ప్రశ్న (స్వర్ణముఖి తీరం):
అందరికీ నమస్కారం. మాది శ్రీకాళహస్తి. పదిహేనేళ్లుగా నేను ఇంటి దగ్గరే కూర్చుని ఒక పనిశాలవారు పంపే గుడ్డలకు రంగు పట్టేందుకు పటిక పెట్టడం, రంగులు నింపడం చేస్తున్నాను. కూలి ముక్క లెక్కన వస్తుంది. గుడ్డ అమ్ముడుపోయేది మాత్రం పనిశాల పేరు మీదే, అందులో నా చెయ్యి ఉందని కొన్నవారికి తెలియదు. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి ఈ ఏడాది వేసవిలో కలం (రంగు పీల్చేందుకు గుడ్డ చుట్టిన వెదురు పుల్ల) పట్టి సొంతంగా ఒక పటం గీసింది. అందులో రాముడూ కృష్ణుడూ లేరు. ఏటి ఒడ్డున గుడ్డలు ఉతుకుతున్న ఆడవాళ్లు, వాళ్ల వెనుక సైకిలు మీద బడికి వెళుతున్న ఒక పిల్ల ఉన్నారు. అంచున తన పేరు రాస్తానని అడిగితే, మన పనిలో అలాంటి పద్ధతి లేదని మా ఇంట్లో పెద్దలు అన్నారు. నాకేమో రాయనివ్వాలని ఉంది. ఇది తప్పా?

సమాధానం 1 (చింతబొగ్గు):
తప్పేమీ లేదమ్మా. నేను నలభై ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. 1957లో మన ఊళ్లో ప్రభుత్వ శిక్షణ కేంద్రం పెట్టేనాటికి కలం పట్టేవారే కొద్దిమంది మిగిలారు, వారిలోనూ మగవారే ఎక్కువ. ఆడవాళ్లు ఇంత పెద్ద సంఖ్యలో ఈ పనిలోకి వచ్చింది ఆ తరువాతి కాలంలోనే. కాబట్టి పద్ధతి అంటూ మనం చెప్పుకునేది కూడా మారుతూ వచ్చినదే. పైగా మన కథాపటాల్లో బొమ్మల వరుసల వెంట పట్టీలు తీసి, కథను తెలుగు అక్షరాల్లో రాసే అలవాటు మొదటినుంచీ ఉంది. గుడ్డకు అక్షరం కొత్తది కాదు, గీసినవారి పేరే కొత్తది.

ఒక్క మాట మాత్రం పాపకు చెప్పండి. పేరును రంగులన్నీ అయిన తరువాత బజారు సిరాతో రాయకూడదు. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద గీతలు గీసేటప్పుడే, బెల్లమూ ఇనుప ముక్కలూ నానబెట్టి తీసిన అదే కసింతో రాయాలి. కరక్కాయలోని వగరుతో ఇనుము కలిసి నల్లబడినప్పుడే ఆ అక్షరం గుడ్డను పట్టుకుంటుంది, తరువాత ఎన్నిసార్లు ఉడకబెట్టినా ఏటి నీటిలో జాడించినా పోదు.

సమాధానం 2 (దర్భంగా నుంచి):
ఉద్యోగరీత్యా బీహార్‌లో ఉంటున్న తెలుగు ఉపాధ్యాయురాలిని. ఇక్కడి మిథిలా చిత్రాల (మధుబని బొమ్మల) సంగతి మీకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను. ఒకప్పుడు ఇక్కడి ఆడవాళ్లు పెళ్లింటి గోడల మీద, కొత్త దంపతుల గదిలో బొమ్మలు వేసేవారు. గోడకు మళ్లీ పూత వేస్తే బొమ్మ పోయేది, వేసినవారి పేరూ ఎవరికీ గుర్తుండేది కాదు. 1966–67 కరువులో అఖిల భారత హస్తకళల మండలి భాస్కర్ కులకర్ణి అనే చిత్రకారుణ్ణి పంపి, ఆ బొమ్మలను కాగితం మీద వేయించింది. కాగితం చేతులు మారుతూ దూరం వెళ్లింది కాబట్టి, ఇది ఎవరు వేశారన్న ప్రశ్న మొదటిసారి పుట్టింది. జగదంబా దేవి, సీతా దేవి, గంగా దేవి అన్న పేర్లు దేశానికి అలా తెలిశాయి. గంగా దేవి సంప్రదాయంగా వచ్చిన సన్నటి గీతతోనే తాను అమెరికాలో చూసిన రోలర్ కోస్టర్‌ను, ఆ తరువాత తన క్యాన్సర్ చికిత్స రోజులను కూడా గీశారు. అందుకే మీ అమ్మాయి సైకిలు పిల్లను గీసిందని చదివినప్పుడు నాకు ఆమే గుర్తుకు వచ్చారు.

దులారీ దేవి గారి సంగతి ఇంకా చెప్పాలి. రాంటీ గ్రామంలో చేపలు పట్టే మల్లా కులంలో పుట్టి, చదువు లేక, మహాసుందరీ దేవి, కర్పూరీ దేవి అనే చిత్రకారిణుల ఇళ్లలో పనిచేస్తూ ఆవిడ ఈ కళ నేర్చుకున్నారు. 2021లో ఆవిడకు పద్మశ్రీ వచ్చింది. ఇల్లు ఊడ్చిన మనిషి చెయ్యి అని ఎవరూ ఆ గీతను చిన్నచూపు చూడలేని స్థితి రావడానికి, బొమ్మతో పాటు పేరు కూడా జనంలోకి వెళ్లడం ఒక కారణమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

సమాధానం 3 (నేత విద్యార్థి):
పై మాటలతో ఏకీభవిస్తూనే ఒక సందేహం చెబుతాను. ఒక కలంకారీ గుడ్డ ఒక్కరి పని కాదు. గీత ఒకరిది, పటిక ఒకరిది, ఉడకబెట్టేది మరొకరు, ఉతికేది ఇంకొకరు. గీసినవారి పేరొక్కటే రాస్తే, ఇన్నాళ్లూ మీకు జరిగిన అన్యాయమే రేపు మరో ఆవిడకు జరగదా? శ్రీకాళహస్తి కలంకారీకి వచ్చిన భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఊరి పేరును కాపాడుతున్నది కానీ, అందులో ఎవరి చేతులున్నాయో చెప్పదు. ఆ లోటును తీర్చేటప్పుడు అందరినీ తలచుకోవాలని నా మనవి.

ప్రశ్న అడిగినవారు (స్వర్ణముఖి తీరం):
అందరికీ కృతజ్ఞతలు. మీ సమాధానాలు పాపకు చదివి వినిపించాను. ఆఖరి మాట విన్నాక అది కాసేపు ఆలోచించి, "గీత నాది, రంగు నీది, ఇద్దరి పేర్లూ రాస్తాను" అన్నది. మొదటి పటానికి రంగులు అయిపోయాయి కాబట్టి దాన్ని అలాగే ఉంచి, రెండో గుడ్డకు నిన్న కరక్కాయ పట్టించాము. కింది పట్టీలో కుడి పక్కన నాలుగు వేళ్ల చోటు వదిలింది. చింతబొగ్గు వారిని ఒకటి అడగాలి: అంత సన్నటి అక్షరాలకు కలానికి గుడ్డ ఎంత మందాన చుట్టాలండీ?