సొట్ట బుగ్గకీ, సొట్ట పడ్డ కారు డోరుకీ ఇంగ్లీషులో ఏ మాట వాడాలి?

బందరురోడ్డు:
విజయవాడ ఆటోనగర్‌లో ఒక బాడీ షాపు ఆఫీసులో పని చేస్తాను. ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లకి ఎస్టిమేట్లు ఇంగ్లీషులో టైప్ చేసేది నేనే. మనం డోరుకైనా, స్టీలు బిందెకైనా, నవ్వితే బుగ్గ మీద పడేదానికైనా సొట్ట అనే అంటాం. ఇంగ్లీషులో డింపుల్, డెంట్, డింగ్, పిట్, డిప్రెషన్, ఇండెంటేషన్ అని బోలెడు మాటలు, డిక్షనరీ తీస్తే ఒకదానికి అర్థంగా ఇంకోటి ఇస్తోంది. ఇప్పుడు నా ముందున్న కారు బానెట్ నిండా వడగళ్ళకి పడ్డ చిన్న చిన్న సొట్టలున్నాయి, గుండ్రంగా, నున్నగా. డింపుల్స్ అని రాయొచ్చా? తేడా అర్థమయ్యేలా ఎవరైనా చెప్పండి.

బ్రాడీపేట మాస్టారు:
బాబూ, డెంట్స్ అనే రాయండి. ఆ సొట్ట ఎలా వచ్చిందో చూస్తే మాట దానంతటదే తెలుస్తుంది. దెబ్బ తగిలి లోపలికి పోతే డెంట్, అసలు ఆ మాట పుట్టిందే పాత ఇంగ్లీషులో దెబ్బ అనే అర్థమున్న మాట నుంచి. డింపుల్ అంటే సహజంగా ఉన్నదో, కావాలని పెట్టిందో. అందులో పాడైపోయిందన్న భావం సాధారణంగా ఉండదు, కాబట్టి మీ ఎస్టిమేట్‌లో డింపుల్ అని రాస్తే నష్టం జరిగినట్టే అనిపించదు. వాన చినుకులు పడి కృష్ణ నీళ్ళ మీద క్షణం సేపు గుంటలు పడతాయే, వాటికి కూడా డింపుల్ అంటారు, చక్కగా ఉంటుంది.

ముఖం దగ్గర పిల్లలు ఎక్కువ తికమక పడేది హాలో చీక్స్ దగ్గర. సొట్ట బుగ్గల అమ్మాయి అని రాయబోయి ఆ మాట వాడితే జబ్బు చేసి బుగ్గలు పీక్కుపోయిన మనిషి అని అర్థం వస్తుంది. స్ఫోటకం మచ్చల గుంటలు పాక్‌మార్క్స్. మన దేశంలో ఆ జబ్బు 1975తో ఆగిపోయింది, 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అది ప్రపంచంలోనే లేదని ప్రకటించింది, మాట మాత్రం ఉండిపోయి గోతుల రోడ్డుకీ తూటాలు తగిలిన గోడకీ వాడుతున్నారు. డిప్రెషన్‌ని నేలకీ, మన బంగాళాఖాతం వాయుగుండానికీ వదిలేయండి. ముఖంలో డిప్రెషన్ ఉందంటే మనిషి దిగులుగా ఉన్నాడనుకుంటారు.

టింకరింగ్ అన్న:
మాస్టారు చెప్పింది కరెక్ట్. నేను ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి షాపు లెక్కలో చెప్తాను తమ్ముడూ. వడగళ్ళవి హెయిల్ డెంట్స్ అనే రాయి, ఎన్ని ఉన్నాయో, ఏ ప్యానెల్ మీద ఉన్నాయో కూడా రాయి. పార్కింగ్‌లో పక్క బండి డోరు తగిలి పడే చిన్నది డింగ్. గీతలా మడత పడితే క్రీజ్, దీన్ని మామూలు డెంట్‌లో కలిపేయొద్దు, రేకు సాగిపోయి ఉంటుంది కాబట్టి తీయడం చాలా కష్టం. పెయింట్ చెక్కుచెదరకపోతే డెంట్‌ని వెనక నుంచి రాడ్‌తో మెల్లగా నెట్టి తీయొచ్చు, లప్పం పెట్టి మళ్ళీ రంగు కొట్టే పని ఉండదు. అందుకే పెయింట్ ఉందా పోయిందా అన్నది పక్కనే రాయాలి. రాయి తగిలి రంగు పెచ్చు లేస్తే చిప్. తుప్పు తినేసి పడ్డ గుంట పిట్, ఇది యాక్సిడెంట్ వల్ల వచ్చింది కాదు. స్ప్రే సరిగ్గా పరుచుకోక ఉపరితలం నారింజ తొక్కలా ఉంటే దాన్ని ఆరెంజ్ పీల్ అంటారు. అది పెయింట్ పనిలో లోపం, క్లెయిమ్‌లో కలపకు.

డింపుల్ అన్న మాట వస్తువులకి ఎక్కడ సరిపోతుందంటే గోల్ఫ్ బంతికి. పూర్వం ఆటగాళ్ళు గీతలు పడిన పాత బంతులే నున్నటి కొత్త వాటికన్నా దూరం పోతున్నాయని గమనించారు. 1905లో ఇంగ్లండ్‌లో విలియం టేలర్ డింపుల్స్ ఉన్న బంతికి పేటెంట్ తీసుకున్నాడు. ఇప్పుడు ఎక్కువ బంతుల మీద 300 నుంచి 500 దాకా ఉంటాయి, వాటి వల్ల బంతి వెనక గాలి సుడి సన్నబడి, నున్నటి బంతితో పోలిస్తే గాలి అడ్డు దాదాపు సగం అవుతుంది. ఇండెంటేషన్ అంటే నొక్కితే పడిన గుర్తు. ల్యాబ్‌లో లోహం గట్టిదనం చూడటానికి బ్రినెల్ టెస్టులో గట్టి బంతిని ఆ లోహంలోకి నొక్కుతారు, సాధారణంగా 10 మిల్లీమీటర్లది, అప్పుడు పడే గుంటకి ఆ పేరు.

గుంటూరు నర్స్:
ఆస్పత్రిలో ఇవే మాటలకి వేరే బరువు ఉంటుందండీ, అది చెప్పాలనే రాస్తున్నాను. బుగ్గ డింపుల్ మామూలు విషయం. నవ్వినప్పుడు పెదవి మూలని పైకి లాగే కండరం కొందరిలో రెండు పాయలుగా ఉండి చర్మానికి అతుక్కుని ఉంటుంది, అక్కడ లోపలికి లాగుతుంది. కొందరు పసిపిల్లలకి బుగ్గల కొవ్వు వల్ల ఉండి, పెద్దయ్యాక పోతుంది.

కానీ పుట్టిన బిడ్డ డిశ్చార్జ్ కాగితంలో సేక్రల్ డింపుల్ అని ఉంటే అది నడుం కింద, పిరుదుల పైభాగంలో ఉండే చిన్న గుంట. చాలావాటితో ఏమీ కాదు, అయినా లోతుగా ఉన్నా, 5 మిల్లీమీటర్ల కన్నా పెద్దదైనా, మధ్యలో కాకుండా పక్కకి ఉన్నా, దాని మీద వెంట్రుకలు ఉన్నా వెన్నుపాము చూడటానికి స్కాన్ రాస్తారు. కాలు వాచినప్పుడు వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోతే రిపోర్టులో పిట్టింగ్ అని రాస్తారు. ఇంకొకటి అక్కచెల్లెళ్ళందరూ గుర్తుపెట్టుకోండి, రొమ్ము మీద చర్మం కొత్తగా లోపలికి లాగినట్టు సొట్ట పడటాన్ని డాక్టర్లు డింప్లింగ్ అంటారు. నొప్పి లేకపోయినా సరే, క్యాన్సర్ అవునో కాదో వెంటనే చూపించుకోవాలి. సిగ్గుపడి ఆగొద్దు.

బందరురోడ్డు:
అందరికీ చాలా థాంక్సండీ, హెయిల్ డెంట్స్ అనే టైప్ చేస్తున్నాను, పెయింట్ సంగతి కూడా రాస్తాను. మరి గడ్డం మధ్యలో నొక్కు ఉంటుంది కదా మాస్టారూ, అది కూడా డింపులేనా?

బ్రాడీపేట మాస్టారు:
గుండ్రంగా చిన్న గుంటలా ఉంటే చిన్ డింపుల్ అనొచ్చు. నిలువుగా గాడిలా ఉంటే క్లెఫ్ట్ చిన్. కడుపులో ఉన్నప్పుడు కింది దవడ రెండు సగాలు మధ్యలో పూర్తిగా కలవకపోవడం వల్ల అది వస్తుంది. గ్రహణం మొర్రికి కూడా క్లెఫ్ట్ లిప్ అని ఇదే మాట వాడతారు, అది మాత్రం సర్జరీ చేయించాల్సినది. గడ్డానికి ఏమీ అక్కర్లేదు.