నాన్న ఆఫీసరా, జేసీఓనా? ఫారంలో ఏది పెట్టాలో చెప్పండి ప్లీజ్

శ్రావణి, మారతహళ్ళి: పొద్దున తొమ్మిదింటి నుంచి దీని ముందే కూర్చున్నానండీ, తల పగిలిపోతోంది. తమ్ముడి కాలేజీ ఫారంలో మాజీ సైనికుల పిల్లలు అనే కాలమ్‌లో మూడే ఉన్నాయి, కమిషన్డ్ ఆఫీసర్, జేసీఓ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్), అదర్ ర్యాంక్స్ (సిపాయి, హవల్దార్ లాంటివాళ్ళు). నాన్న లెఫ్టినెంట్‌గా రిటైరయ్యారు కాబట్టి మొదటిది పెట్టా, కాగితంతో కలవట్లేదని రెండుసార్లు వెనక్కొచ్చింది. రేపే ఆఖరు. అడుగుదామంటే నాన్న లేరు.

వేణు: రిటైరయ్యేటప్పుడు ఆర్మీ ఇచ్చే డిశ్చార్జి బుక్‌లో ఏముంటే అదే.

పార్థు, చెన్నై: ముందు కమిషన్ అంటే ఏంటో తెలియాలమ్మా. రాష్ట్రపతి పేరు మీద వచ్చే అధికార పత్రం అది, లెఫ్టినెంట్ నుంచి జనరల్ దాకా అందరికీ అదే మూలం. ఆర్మీ ఆఫీసర్లకి ట్రైనింగిచ్చే మా పరంగిమలై ఓటీఏ 1963లో మొదలైంది, 1992 నుంచి అమ్మాయిలూ చేరుతున్నారు, ట్రైనింగ్ అయిపోయిన రోజు అమ్మానాన్నలే పిల్లల భుజాలకి స్టార్లు పెడతారు, చూస్తే కళ్ళు చెమరుస్తాయి. అంత చిన్న వయసులో ఒక ప్లాటూన్ (చిన్న సైనిక దళం) బాధ్యత! మన తెలుగు పిల్లలు ఇటు చూడనే చూడరు.

వేణు: ఆవిడ అడిగింది అది కాదు.

రమణ, ఉల్సూరు (ఆర్మీ ఇంజినీర్ల దళం ఎంఈజీలో రిటైర్డ్): అమ్మా, లెఫ్టినెంట్ అంటే ఆఫీసర్లలో మొదటి మెట్టు, అక్కడ రిటైరవటం ఏంటి? నాన్నగారు చేరింది సిపాయిగానా?

శ్రావణి: అవునండీ, సిపాయిగానే, 28 ఏళ్ళు చేశారు. యూనిఫాం ఫొటోలో భుజం మీద రెండు స్టార్లున్నాయి, లెఫ్టినెంట్‌కీ రెండే కదా?

రమణ: స్టార్లతో పాటు ఎరుపు పసుపు పట్టీ ఉందా?

శ్రావణి: ఫొటో బాగా వెలిసిపోయింది... జూమ్ చేస్తే ఉందండీ.

రమణ: అయితే ఆ ఫొటో నాటికి సుబేదార్. నాయబ్ సుబేదార్‌కి ఒక స్టారు, సుబేదార్‌కి రెండు, సుబేదార్ మేజర్‌కి సింహాల ముద్ర, ముగ్గురికీ పట్టీ ఉంటుంది, ముగ్గురూ జేసీఓలే. మంచి సర్వీసున్న జేసీఓలకి జనవరి 26కి, ఆగస్టు 15కి ఆనరరీ లెఫ్టినెంట్, ఆనరరీ కెప్టెన్ అని గౌరవ హోదా ఇస్తారు. ఆయనది అదే అయ్యుంటుంది, బుక్కులో ఆనరరీ అన్న మాట వెతుకు.

పార్థు: అంటే ఆఫీసర్ కాదంటారా? జేసీఓలో ఓ అంటేనే ఆఫీసర్! వాళ్ళకీ కమిషన్ ఉంది, బ్రిటిష్ కాలంలో వైస్రాయ్ కమిషన్ అనేవాళ్ళు.

రమణ: ఉంది సార్, ఎవరు కాదన్నారు. కానీ ఫారంలో కమిషన్డ్ ఆఫీసర్ అంటే లెఫ్టినెంట్‌గా చేరి పైకెళ్ళేవాళ్ళు, అది వేరే లైను. అలాగని సుబేదార్‌ని తక్కువ చెయ్యొద్దు. మీరన్న ప్లాటూన్‌ని మన దగ్గర ఎక్కువగా నడిపేది జేసీఓలే, కొత్తగా వచ్చిన లెఫ్టినెంట్ పని నేర్చుకునేదీ వాళ్ళ దగ్గరే. కల్నల్ కూడా సాబ్ అనే పిలుస్తాడు.

పార్థు: మరి పేపర్లో సుబేదార్‌ని కూడా జవాను అనే రాస్తారు, అదెంత తప్పు!

వేణు: దానికి వేరే పోస్ట్ పెట్టుకోండి.

శ్రావణి: దొరికిందండీ, ట్రంకుపెట్టె అడుగున. సుబేదార్, పక్కన చిన్నగా ఆనరరీ లెఫ్టినెంట్. జేసీఓ పెట్టా, తీసుకుంది. థాంక్సండీ. గేటు బోర్డు మీద లెఫ్టినెంట్ అని నాన్నే రాయించుకున్నారు, తీసేయక్కర్లేదు కదా?

పార్థు: రమణగారూ, జవాను సంగతి మీరు చెప్పనే లేదు.