యేసుకు ముందు ‘చనిపోయే మెస్సీయ’ కోసం యూదులెవరైనా ఎదురుచూశారా?

గోదారిగట్టు:
ఈ మధ్య రెండు రకాల వీడియోలు తెగ చూస్తున్నా. ఒకాయన యెషయా 53 చదివి, మెస్సీయ (యూదులు ఎదురుచూసిన అభిషిక్తుడు, గ్రీకులో క్రీస్తు) జనం పాపాల కోసం చనిపోతాడని ప్రతి యూదుడికీ ముందే తెలుసు, తెలిసీ ఒప్పుకోలేదంతే అంటాడు. ఇంకొకాయన అదంతా సిలువ తర్వాత శిష్యులు అల్లుకున్నదే, పాత యూదు మతంలో అలాంటి ఊసే లేదని తేల్చేస్తాడు. రెండూ నిజం కావడం కుదరదు, రెండూ తప్పు కావచ్చు. నేనడిగేది విశ్వాసం గురించి కాదు. క్రీ.శ. 30కి ముందు రాసిన వాటిలో ఈ ఆలోచన ఎక్కడైనా ఉందా లేదా? ‘మా పాస్టరు గారు చెప్పారు’, ‘అంతా రోమన్ల కుట్ర’ లాంటి జవాబులు దయచేసి వద్దు.

సీయోనుబాట:
యెషయా 53 ఉండగా ఇంకేం కావాలండీ? ‘మన యతిక్రమక్రియలనుబట్టి అతడు గాయపరచబడెను’ అని అచ్చంగా ఉంది. తర్వాత ఎవరో చేర్చారు అనడానికీ లేదు, మృత సముద్రం ఒడ్డున కుమ్రాను గుహలో దొరికిన పెద్ద యెషయా చుట్ట యేసుకు వందేళ్లకు పైగా ముందుది. ఆ అధ్యాయంలో బాధలు పడే సేవకుడంటే మెస్సీయ కాదు, ఇశ్రాయేలు జాతి అన్న వాదన 11వ శతాబ్దంలో రాషి అనే యూదు వ్యాఖ్యాత మొదలుపెట్టాడు, క్రైస్తవులకు జవాబు చెప్పలేక.

పాతరాతలు:
సీయోనుబాట గారూ, ఆ చుట్ట వల్ల తేలేది అధ్యాయం పాతదని మాత్రమే. అందులో ఎవరికీ పేచీ లేదు. అప్పటి యూదులు దాన్ని చదివి ఎవరిని తలచుకున్నారన్నది వేరే ప్రశ్న, దానికి చుట్ట ఏమీ చెప్పదు.

రాషి సంగతి మాత్రం పొరపాటు, ఇది మన దగ్గర చాలామంది చెబుతుంటారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా. క్రీ.శ. 248 ప్రాంతంలో ఒరిగెన్ అనే క్రైస్తవ పండితుడు, క్రైస్తవ మతాన్ని విమర్శించిన కెల్సుసుకు జవాబుగా ఒక గ్రంథం రాశాడు. ఈ భాగం గురించి తాను యూదు పండితులతో వాదించాననీ, వాళ్లు ఇది చెదిరిపోయిన యూదు జనాన్నంతటినీ ఒకే మనిషిగా చెప్పిన మాట అన్నారనీ అందులో ఆయనే చెబుతాడు. అంటే రాషి పుట్టడానికి దాదాపు 800 ఏళ్ల ముందే ఆ వాదన ఉంది, సాక్షి కూడా క్రైస్తవుడే. పైగా యెషయా 49:3లో దేవుడు సేవకుణ్ణి ‘ఇశ్రాయేలూ’ అనే పిలుస్తాడు కదా, వాళ్లు గాల్లోంచి తెచ్చిన అర్థం కాదది.

ఇక అందరికీ ముందే తెలుసు అన్న మాటకొస్తే, దానికి అడ్డు తగిలేది సువార్తలే. మార్కు 8లో యేసు తాను చంపబడతానని చెప్పగానే పేతురు ఆయన్ని పక్కకు తీసుకెళ్లి గద్దిస్తాడు. అంతకు రెండు మూడు వచనాల ముందే ‘నీవు క్రీస్తువు’ అన్నది ఆ పేతురే! లూకా 24లో ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు, ఇశ్రాయేలును విడిపించేది ఈయనే అని ఆశపడ్డాం అని దిగులుపడతారు, అంటే సిలువతో ఆశ పోయిందనే. అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడు రథంలో కూర్చుని సరిగ్గా ఈ యెషయా భాగమే చదువుతూ, ప్రవక్త తన గురించి చెబుతున్నాడా వేరొకరి గురించా అని ఫిలిప్పును అడుగుతాడు. అందరికీ తెలిసిన సంగతైతే ఆ ప్రశ్నకు చోటెక్కడిది? పౌలు కూడా సిలువ వేయబడిన క్రీస్తు యూదులకు ఆటంకం అని ఒప్పుకునే రాశాడు.

మరి జనం ఎదురుచూసింది ఎవరి కోసం? క్రీ.పూ. 63లో పాంపే యెరూషలేమును పట్టుకున్న తర్వాత వచ్చిన ‘సొలొమోను కీర్తనలు’ అనే యూదు గ్రంథం చూడండి, మన బైబిల్లో ఉండదది. 17వ కీర్తనలో దావీదు కుమారుడైన రాజు వస్తాడు, అన్యజనులను పట్టణంలోంచి తరిమేస్తాడు, గోత్రాలను సమకూరుస్తాడు. చావు ప్రస్తావన లేదు. ఆ చుట్టలు దాచుకున్న కుమ్రాను వాళ్లైతే ఏకంగా ఇద్దరు అభిషిక్తుల కోసం చూశారు, యాజకుల వంశం నుంచి ఒకరు, ఇశ్రాయేలు నుంచి ఒకరు. ఇద్దరిలో ఎవరూ పాపాల కోసం చనిపోరు.

కృష్ణలంక:
పాతరాతలు అన్నా, మీరు కొన్ని ముక్కలు దాటేశారు. దానియేలు 9:26లో ‘అభిషిక్తుడు నిర్మూలము చేయబడును’ అని ఉందిగా, అది క్రీ.పూ. 2వ శతాబ్దపు మాటే. కుమ్రానులోనే 11వ గుహలో దొరికిన మెల్కీసెదకు చుట్టలో, యెషయా 52లో సువార్త తెచ్చే దూతనూ దానియేలు చెప్పిన అభిషిక్తుణ్ణీ ఒకటి చేశారు. యెషయా 52 అవగానే వచ్చేది 53! అటు 4 ఎజ్రా అనే యూదు గ్రంథంలో మెస్సీయ చనిపోతాడని సూటిగానే ఉంది, యూదు రబ్బీల బోధల సంకలనమైన తల్ముదులో యోసేపు కుమారుడైన మెస్సీయ యుద్ధంలో చస్తాడు. బాధపడే మెస్సీయ అచ్చమైన యూదు ఆలోచనే అని డేనియల్ బొయారిన్ 2012లో పుస్తకమే రాశాడు, ఆయన క్రైస్తవుడు కాదు, తల్ముదు పండితుడు.

ఖమ్మంకుర్రోడు:
పాత హెబ్రీ రాత ఉన్న గబ్రియేలు రాయి గురించి ఎవరూ మాట్లాడరేంటి? ‘మూడు రోజుల్లో బ్రతుకు’ అని ఉందని 2008లో అంత హడావిడి జరిగింది కదా.

పాతరాతలు:
ముందు రాయి. మీటరుకు కాస్త తక్కువ పొడవున్న సున్నపురాయి పలక, చెక్కింది కాదు, సిరాతో 87 పంక్తులు రాశారు, చాలాచోట్ల సిరా వెలిసిపోయింది. తవ్వకాల్లో దొరకలేదు, వ్యాపారి దగ్గర కొన్నది. 80వ పంక్తిలో చెరిగిపోయిన అక్షరాలను ఇజ్రాయెల్ నోల్ అనే పండితుడు ‘బ్రతుకు’ అని చదివాడు, హడావిడంతా దాని మీదే. తర్వాత రొనాల్డ్ హెండెల్ అనే మరో పండితుడు అక్కడున్నది ‘సూచన’ అనే మాట అన్నాడు, చివరికి నోల్ కూడా దానికే ఒప్పుకున్నాడు. హడావిడి మాత్రం యూట్యూబులో ఇంకా నడుస్తూనే ఉంది.

కృష్ణలంక తమ్ముడూ, నీవి గట్టి ముక్కలే, కానీ తేదీలు పక్కన రాసుకుని చూడు. 4 ఎజ్రా దేవాలయం కూలిన క్రీ.శ. 70 తర్వాతది, సుమారు క్రీ.శ. 100. అందులో మెస్సీయ 400 ఏళ్లు ఉండి చనిపోతాడు, ఊపిరున్న వాళ్లందరూ ఆయనతో పాటే పోతారు, ఎవరి పాపాలకూ ప్రాయశ్చిత్తం కాదు. యోసేపు కుమారుడు బబులోను తల్ముదులో కనిపిస్తాడు, అది యేసుకు కొన్ని వందల ఏళ్ల తర్వాత కూర్చినది. దానియేలులోని అభిషిక్తుడు క్రీ.పూ. 171 ప్రాంతంలో హత్యకు గురైన ప్రధానయాజకుడు మూడవ ఓనియా అని ఎక్కువమంది పండితుల మాట.

రోమన్ల మీద తిరుగుబాటు నడిపిన బర్ కోఖ్బాను కూడా లెక్కలోకి తీసుకో. రబ్బీ అకీబా అంతటివాడు మెస్సీయ అన్నాడు, 135లో బేతారులో చనిపోయాడు, అంతటితో సరి. చనిపోవడం మెస్సీయ పనిలో భాగమే అని ముందే పాతుకుపోయి ఉంటే, ఈయనా మన కోసమే చనిపోయాడు అని ఒక్క గుంపైనా నిలబడేది కదా.

సీయోనుబాట:
మరి 2వ శతాబ్దపు క్రైస్తవ రచయిత యుస్తీను రాసిన సంవాదంలో త్రుఫో అనే యూదుడు, క్రీస్తు శ్రమపడాలని లేఖనాల్లో ఉందని ఒప్పుకుంటాడు కదండీ? తనకు అభ్యంతరం సిలువ చావుకే, ధర్మశాస్త్రం శపించిన చావు కాబట్టి అంటాడు.

పాతరాతలు:
అంటాడు. కానీ ఆ మాట త్రుఫో నోట పెట్టింది యుస్తీను, క్రీ.శ. 160 ప్రాంతంలో. వాదనలో ఎదుటివాడి డైలాగు కూడా మనమే రాస్తే వాడు ఎంత సులువుగా ఒప్పుకుంటాడో తెలిసిందే కదా. ద్వితీయోపదేశకాండము 21:23 (మాను మీద వేలాడదీయబడినవాడు శాపగ్రస్తుడు) అడ్డు మాత్రం నిజంగా యూదులు వేసిన ప్రశ్నే అనుకుంటా, ఎందుకంటే దానికి జవాబు చెప్పడానికి పౌలు గలతీ పత్రికలోనే తంటాలు పడ్డాడు.

గోదారిగట్టు:
అయితే రెండో వీడియో ఆయనే కరెక్టా?

పాతరాతలు:
ఆయనా కాదు. 2 మక్కబీయులు 7 చదవండి. యూదులను హింసించిన అంతియొకసు రాజు ఏడుగురు అన్నదమ్ములను తల్లి కళ్లెదుటే ఒక్కొక్కరినీ చిత్రహింసలు పెట్టి చంపిస్తాడు. ఆఖరివాడు చనిపోయే ముందు, మా జాతి మీదికి వచ్చిన దేవుని కోపం నాతోనూ నా అన్నలతోనూ ఆగిపోవాలి అని ప్రార్థిస్తాడు. వాళ్లు తిరిగి లేస్తారన్న నమ్మకమూ ఆ అధ్యాయంలోనే ఉంది. నీతిమంతుడి చావు జనానికి మేలు చేస్తుందన్నది యేసుకు ముందే యూదుల్లో ఉన్న ఆలోచనన్నమాట. మన ప్రొటెస్టెంట్ తెలుగు బైబిల్లో ఆ పుస్తకం ఉండదు, ఆర్‌సీఎం (కాథలిక్) వాళ్ల దాంట్లో ఉంటుంది, అందుకేనేమో ఈ చర్చల్లో దాని ఊసెత్తేవాళ్లే కనబడరు. నా లెక్కలో సరుకంతా ముందే ఉంది, దాన్ని దావీదు వంశపు రాజుకు అంటగట్టడం మాత్రం సిలువ తర్వాత జరిగింది.

కృష్ణలంక:
కుమ్రానులో 900 పైచిలుకు ప్రతులు దొరికితే చాలావరకు తునకలే కదన్నా. ‘దొరకలేదు’ని ‘లేదు’ చేసేస్తున్నారు మీరు.

పాతరాతలు:
ఆ మాట ఒప్పుకుంటా. నువ్వు చెప్పిన మెల్కీసెదకు చుట్ట కూడా ‘దానియేలు చెప్పిన’ అన్న దగ్గరే చిరిగిపోయింది, తర్వాత ఏ వచనం ఎత్తుకున్నాడో సగం ఊహే. అక్కడ అభిషిక్తుడు వస్తాడనే 9:25 ఉండేదని ఎక్కువమంది పూరిస్తారు, కొందరు అతను నిర్మూలమయ్యే 9:26 అంటారు. ఆ తునక ఎప్పుడైనా బయటపడి 26 అని తేలితే నా మాట మార్చుకుంటా, అంతవరకు నాది ఇదే.