రాసి ఉన్న స్వరాలు ఒక్కటే అయినప్పుడు ఇన్ని రికార్డింగులు ఎందుకు వినాలి?

ప్రశ్న

కర్ణాటక సంగీతం వింటూ పెరిగిన నేను కొంతకాలంగా రోజూ ఉదయం పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం కూడా వింటున్నాను. బాఖ్, బీథోవెన్, షూబర్ట్ రచనలు మనసుకు బాగా పట్టాయి. అయితే ఈ సంగీతాన్ని ఏళ్ల తరబడి వింటున్నవారు రచన పేరు చెప్పి ఊరుకోరు. ఎవరు వాయించారు, ఏ సంవత్సరంలో రికార్డు చేశారు అన్న దగ్గరే వారి సంభాషణ అసలు మొదలవుతుంది. మన పద్ధతిలో అయితే దీనికి కారణం వెతకనక్కరలేదు. ఒకే తోడి కీర్తనను ఇద్దరు విద్వాంసులు పాడితే ఆలాపన, నెరవు, కల్పనస్వరాలు ఎవరి మనోధర్మం వారివి కాబట్టి ఆ రెండూ రెండు వేర్వేరు అనుభవాలవుతాయి. పాశ్చాత్య సంగీతంలో ప్రతి స్వరమూ, దాని నిడివీ కాగితం మీద రాసి ఉన్నాయి గదా, మరి వాయించేవారికి మిగిలేది ఏమిటి? మీరు రోజూ వినే రికార్డింగు ఏది, అదే రచనకు మరొకటి ఉండగా దాన్నే ఎందుకు ఎంచుకున్నారు అన్నది వివరంగా చెప్పగలరా? పేర్ల జాబితా కంటే కారణాలే నాకు ఎక్కువ ఉపయోగపడతాయి.

మొదటి సమాధానం

మీ ప్రశ్నకు ఒక్క వాద్యకారుడి దగ్గరే జవాబు దొరుకుతుంది. బాఖ్ రచించి 1741లో ప్రచురించిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్‌ను (ఒకే ఆధారం మీద కట్టిన రూపభేదాల వరుస ఇది) కెనడా పియానో వాద్యకారుడు గ్లెన్ గౌల్డ్ 1955లో ఒకసారి, 1981లో మరోసారి స్టూడియోలో రికార్డు చేశారు. రచన ఒకటే, వాయించిన మనిషి ఒకరే. మొదటిది దాదాపు 38 నిమిషాల్లో ముగుస్తుంది, రెండవది 51 నిమిషాలు సాగుతుంది. మొదటిసారి ఆయన పునరావృత్తులన్నిటినీ, అంటే ఒక భాగాన్ని రెండోసారి వాయించమని రాసినవాటిని, వదిలేశారు, రెండవసారి వాటిలో కొన్నిటిని వాయించారు. నిడివిలో తేడాకు అది ఒక కారణం. అయితే అసలు తేడా కాలప్రమాణంలో ఉంది. రచన ఆరంభంలో వచ్చే ఏరియా అనే చిన్న భాగం 1955లో రెండు నిమిషాల లోపే అయిపోతే, 1981లో మూడు నిమిషాలు దాటుతుంది.

ఆ ఏరియాను కాస్త దగ్గరగా వినండి. కుడిచేతి పాటకు బాఖ్ అడుగడుగునా చిన్న చిన్న అలంకారస్వరాలు రాశారు. పాత రికార్డింగులో అవి పాటతోపాటు దొర్లిపోతాయి. కొత్తదానిలో ప్రతి అలంకారమూ విడిగా నిలబడి వినిపిస్తుంది, దాని కింద ఎడమచేతి మంద్రస్వరాలు ఒక్కొక్కటిగా అడుగు వేస్తాయి. తరువాత వచ్చే 30 వేరియేషన్లూ కట్టింది ఆ కుడిచేతి పాట మీద కాదు, ఈ మంద్రస్వరాల వరుస మీద. ఆ సంగతి నాకు చెవికి తెలిసింది 1981 రికార్డింగు వల్లనే, అందుకే నేను రోజూ దానినే వింటాను. రెండింటిలోనూ గౌల్డ్ వాయిస్తూ లోగొంతుతో కూనిరాగం తీయడం వినిపిస్తుంది. కొందరికి అది చికాకు కలిగిస్తుంది గానీ నాకు మాత్రం ఆయన ఏ స్వరం మీద మనసు నిలిపారో చెప్పే ఆనవాలుగా తోస్తుంది.

రెండవ సమాధానం

ప్రతి స్వరమూ రాసి ఉందన్న మాట నిజమే. కానీ రాయనివి చాలా ఉన్నాయి, చెల్లో అనే పెద్ద తీగవాద్యానికి బాఖ్ రాసిన సూట్లు (చిన్న భాగాల వరుసలు) అందుకు గట్టి ఉదాహరణ. ఈ ఆరు సూట్లకు బాఖ్ స్వహస్తంతో రాసిన ప్రతి మనకు దక్కలేదు. ఆయన భార్య అన్నా మాగ్దలేనా చేసిన నకలు, మరికొందరి నకళ్లు మాత్రమే మిగిలాయి, ఒకే కమాను దెబ్బలో ఎన్ని స్వరాలు పలికించాలన్న విషయంలో వాటి మధ్య పొత్తు కుదరదు. ఎంత వేగంగా వాయించాలి, ఎక్కడ నాదం పెంచాలి అనేవి దాదాపు ఎక్కడా లేవు. అంటే వాద్యకారుడు మొదటి స్వరం పలికించే ముందే ఎన్నో నిర్ణయాలు తీసుకోవాలి.

మొదటి సూట్‌లోని ప్రెల్యూడ్, అంటే ఆరంభ భాగం, చూడండి. ఆరంభంలో ప్రతి సగం ఆవర్తానికి ఒకే ఆకృతి తిరిగి వస్తుంది: కింది తీగను మీటినట్టు ఒక మంద్రస్వరం, దాని మీద పైకి ఎక్కి అక్కడే ఊగే కొన్ని స్వరాలు. చెల్లో వాద్యకారుడు పాబ్లో కసాల్స్ 1936 నుంచి 1939 వరకు ఈ సూట్లను రికార్డు చేసినప్పుడు వాటిని గంభీరమైన ఏకాంత ప్రసంగంలా వాయించారు. మరో చెల్లో వాద్యకారుడు అనర్ బిల్స్మా 1979లో పాతకాలపు పద్ధతి చెల్లో మీద వాయించినప్పుడు అవే స్వరాలకు నాట్యపు నడక వచ్చింది, ఒక్కో పదబంధం చివర తేలికగా వదిలేయడం వినిపిస్తుంది. మరో తేడా మీ చెవికి వెంటనే తెలుస్తుంది. పాత వాద్యాలతో చేసే రికార్డింగుల్లో చాలావాటికి శ్రుతికి ఆధారమైన ‘ఎ’ స్వరాన్ని 440 హెర్ట్జ్‌కు బదులు 415 హెర్ట్జ్‌కు కడతారు కాబట్టి శ్రుతి సుమారు అర స్వరం కిందికి దిగుతుంది. అర కట్ట తగ్గించుకొని పాడినప్పుడు గొంతులో వచ్చే విశ్రాంతి ఎలాంటిదో మన శ్రోతలకు చెప్పనక్కరలేదు.

నేను మామూలు రోజుల్లో బిల్స్మానే వింటాను. కసాల్స్ వినాలంటే మరే పనీ పెట్టుకోను.

మూడవ సమాధానం

పై ఇద్దరి మాటలనూ గౌరవిస్తూనే ఒక విషయం చెప్పాలి. ఒక రచన మనసులో కుదురుకోకముందే నాలుగు రికార్డింగులను పక్కపక్కన పెట్టి పోల్చడం మొదలుపెడితే, సంగీతం పోయి తీర్పులు మిగులుతాయి. మొదట ఒక్కటే ఎంచుకొని, అది కంఠస్థమయ్యేదాకా వినండి. ఆ తరువాత మరొకటి విన్నప్పుడు తేడా ఎవరూ చూపించకుండానే తెలుస్తుంది.

బీథోవెన్ అయిదవ సింఫనీకి (ఆర్కెస్ట్రా కోసం రాసిన నాలుగు భాగాల రచన ఇది) కార్లోస్ క్లైబర్ నిర్వహణలో వియన్నా ఫిల్హార్మోనిక్ 1974లో చేసిన రికార్డింగు అలా పట్టుకొని కూర్చోవడానికి యోగ్యమైనది. బీథోవెన్ తన సింఫనీలకు 1817లో మెట్రోనోమ్ అంకెలు, అంటే నిమిషానికి ఎన్ని దెబ్బలో చెప్పే వేగపు సూచనలు, ప్రకటించారు. వాటి ప్రకారం మొదటి భాగం చాలా వేగంగా సాగాలి, ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్లు ఎందరో అంతకంటే నెమ్మదిగానే నడిపించారు. క్లైబర్ ఆ వేగానికి దగ్గరగా వెళ్తారు, అయినా ఒక్క స్వరమూ తొక్కుకుపోదు.

ఇందులో మూడవ భాగం చివరను శ్రద్ధగా వినండి. తీగవాద్యాలు వినీవినిపించనంత సన్నగా ఒక స్వరాన్ని పట్టి నిలుపుతాయి, టింపనీ అనే పెద్ద డోలు ఒక్కటే మెత్తగా తట్టుతూ ఉంటుంది. ఎటు పోతున్నామో తెలియని ఆ స్థితి కొంతసేపు సాగి, ఉన్నట్టుండి పెరిగి, విరామమే లేకుండా నాలుగవ భాగంలోకి విచ్చుకుంటుంది. అంతవరకు ఊరకున్న ట్రాంబోన్లు, పికోలో, కాంట్రాబసూన్ అనే ఊదే వాద్యాలు అక్కడే మొదటిసారి చేరతాయి. ప్రయాణపు రొదలో వింటే ఆ సన్నని భాగం అసలు చెవిన పడదు. శబ్దం పెంచుకుంటే మరుక్షణం ఆర్కెస్ట్రా అంతా మీద పడుతుంది. కొన్ని ఫోన్ అప్లికేషన్లు రెండు ట్రాకుల నడుమ చిన్న మౌనాన్ని చొప్పిస్తాయి, అది ఈ చోట పూర్తిగా ప్రాణం తీసేస్తుంది. రికార్డింగు ఎంపిక కంటే ముందు ఆ మౌనం రాకుండా చేసే అమరికను చూసుకోండి. రద్దీలో వినక తప్పనప్పుడు సింఫనీల జోలికి పోకుండా ఒంటి వాద్యపు రచనలు పెట్టుకోవడం మేలు.

నాలుగవ సమాధానం

స్వరకర్తలే స్వయంగా పాల్గొన్న రికార్డింగులు ఉన్నాయని ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. ఇంగ్లండ్ స్వరకర్త ఎల్గర్ రాసిన చెల్లో కాన్చెర్టోను (ఆర్కెస్ట్రాతో కలిసి ఒక చెల్లో ప్రధానంగా వాయించే రచన) చాలామంది, జాక్లీన్ డు ప్రే చెల్లో వాయించగా జాన్ బార్బిరోలీ ఆర్కెస్ట్రాను నడిపించి 1965లో చేసిన రికార్డింగు ద్వారానే ప్రేమించారు, నేనూ వారిలో ఒకరిని. ఆ మొదటి తీగల మోతలోనే దుఃఖమంతా బయటపడుతుంది. అదే రచనను 1928లో బియాట్రిస్ హారిసన్ వాయించగా ఎల్గర్ స్వయంగా ఆర్కెస్ట్రాను నడిపించారు. అక్కడ కాలప్రమాణం చురుకుగా ఉంటుంది, దుఃఖం ఉన్నా అది నిటారుగా నిలబడి మాట్లాడుతుంది. రచించినవారు నడిపించారు కాబట్టి అదే ప్రమాణమనీ, డు ప్రే దారి తప్పారనీ నేను అనను. రచనలో ఆ రెండింటికీ చోటు ఉంది.

కర్ణాటక సంగీతం విన్నవారికి ఆ కాలపు రికార్డింగుల్లో మరొక ఆకర్షణ ఉంది. 1930ల దాకా తీగవాద్యకారులు ఒక స్వరం నుంచి మరో స్వరానికి వెళ్తూ వేలిని తీగ మీద జార్చడం సర్వసాధారణం. తరువాతి తరాలు దాన్ని బాగా తగ్గించుకున్నాయి. మన జారు గమకానికి అలవాటుపడిన చెవికి అది ఎంతో దగ్గరగా వినిపిస్తుంది. పాత రికార్డుల గరగర శబ్దానికి భయపడకండి, కొద్ది నిమిషాల్లో చెవి దాన్ని పక్కకు నెట్టేస్తుంది. అయితే 1925లో మైక్రోఫోన్లతో రికార్డు చేయడం మొదలైన తరువాతి వాటితోనే ప్రారంభించండి. అంతకు ముందటివాటిలో ఆర్కెస్ట్రా బాగా దూరమైపోతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మూడవ సమాధానంలో చెప్పినట్టు ఒక్క రచననే పట్టుకొందామని గోల్డ్‌బర్గ్‌ను ఎంచుకున్నాను. బాఖ్ దాన్ని పియానోకు ముందుకాలపు మెట్ల వాద్యమైన హార్ప్సికార్డ్ కోసం రాశారు గదా, ఆ వాద్యం మీద కూడా వినడం అవసరమా?

మొదటి సమాధానం రాసినవారు

తప్పక వినండి, కానీ పియానో మీద రచన పరిచయమయ్యాక. హార్ప్సికార్డ్‌లో తీగను మీటుతారు. మెట్టును ఎంత బలంగా నొక్కినా నాదం పెద్దగా మారదు. కాబట్టి ఒక స్వరానికి ప్రాధాన్యం ఇవ్వాలంటే దాన్ని గట్టిగా పలికించే వీలు లేదు, వెంట్రుకవాసి ఆలస్యంగా పలికించాలి. రాసిన స్వరం మారకుండా వాయించేవారు ఏం చేయగలరన్న మీ ప్రశ్న ఇక్కడ మరింత సూక్ష్మమవుతుంది. హార్ప్సికార్డ్ వాద్యకారిణి వాండా లాండోవ్‌స్కా 1933లో చేసిన రికార్డింగు చారిత్రకంగా గొప్పది, అయితే ఆమె వాయించినది ఇరవయ్యవ శతాబ్దంలో తయారైన ప్లేయెల్ కంపెనీ బరువైన వాద్యం. బాఖ్ కాలపు నమూనాలకు దగ్గరి నాదం కావాలంటే మరో హార్ప్సికార్డ్ వాద్యకారుడు గుస్తావ్ లియోన్‌హార్ట్ రికార్డింగులు వినండి. 25వ వేరియేషన్‌ను గౌల్డ్ వాయించినదీ, లియోన్‌హార్ట్ వాయించినదీ ఒకే రోజు వింటే ఆ ఆలస్యం ఎలా పని చేస్తుందో స్పష్టంగా వినిపిస్తుంది.