ఈ వారం సమస్య: ముప్పదియు నరువదియును జెప్ప నొకటె

కోటవీధి మాస్టారు (నిర్వాహకులు): ఇది చివరి పాదంగా పద్యం పూరించండి. తేటగీతి పాదం. ముప్ప, జెప్ప ప్రాసయతి (మొదటి అక్షరానికి బదులు రెండో అక్షరం కలిసే యతి). ఇంటర్ ఫిజిక్సు చదివినవాళ్లకు దారి కనబడుతుంది, చదవనివాళ్లు ఇంకో దారి వెతుక్కోండి. మన విజయనగరం వాసన తగిలితే ఇంకా మంచిది.

బొబ్బిలి వీణ:

వేగ మొక్కటె యైనచో విసరు బంతి
కోణములు రెండు తొంబది కూడినపుడు
నేల చదునైనచో దూర మేల మారు?
ముప్పదియు నరువదియును జెప్ప నొకటె!

కోటవీధి మాస్టారు: శభాష్! ‘నేల చదునైనచో’ అన్న షరతే పద్యానికి ప్రాణం. వ్యాప్తి (విసిరింది వెళ్లి పడే దూరం) సూత్రంలో ఉండేది కోణానికి రెట్టింపు సైన్. 30కి సైన్ 60, 60కి సైన్ 120, రెండూ ఒకటే. 1638లోనే గెలీలియో దీన్ని జ్యామితితో తేల్చాడు: 45కి ఎంత పైనో అంత కింద ఉన్న కోణాలకు దూరం సమానం అని.

గంటస్తంభం గుంటడు: మాస్టారూ, నాకు మూడో పాదమే కుదిరింది, చూడండి: ‘రెండు రాళ్లును నేలను తాకు నపుడె’.

కోటవీధి మాస్టారు: రెం-తా యతి ఎక్కడిది నాయనా? పైగా లెక్కా తప్పింది, రెండూ ఒకేసారి పడవు. వేగం సెకనుకు 20 మీటర్లు, g (గురుత్వ త్వరణం) 10 అనుకో. నిట్టనిలువు వేగం 30 డిగ్రీలకు 10, 60 డిగ్రీలకు 17.3. గాల్లో ఉండేది ఒకటి 2 సెకన్లు, ఇంకోటి దాదాపు 3.46 సెకన్లు. పడేచోటు మాత్రం రెండింటికీ 34.6 మీటర్ల దగ్గరే. ముందు వేగాన్ని అడ్డం, నిలువు అని విడదీసి రాసుకుంటే ఈ పొరపాటు రాదు. పరీక్షలో చాలామంది టెన్షన్‌లో ఆ మెట్టు దాటేసి సూత్రం మీద పడతారు. నీ పాదం ఇలా మార్చు: ‘రెండు రాళ్లకుఁ బడుచోటు రేఖ యొకటె’.

గజపతినగరం అక్క: నాకు సైన్లూ కాసులూ రావు బాబూ.

వాన కురియంగ సాలూరు బస్సు రాదు
నిలిచి చూచుచు నున్నాము నిమిష మేమి?
గడియ గడియకుఁ గాఫీలు గడచిపోయె
ముప్పదియు నరువదియును జెప్ప నొకటె!

బొబ్బిలి వీణ: అక్కా, పూరణంటే ఇదీ! ‘నిమిష మేమి’ దగ్గర మాత్రం అన్వయం కొంచెం కుంటింది.

అయోధ్యా మైదానం: ఇదిగో మన ఊరి పద్యం, పైడితల్లమ్మ సిరిమాను పండుగ మీద.

అమ్మ సిరిమాను కదలఁగ నరటిపండ్లు
విసరు భక్తుల చేతులు వేరు వేరు
వాలు నన్నియుఁ బూజారి పాల నేడు
ముప్పదియు నరువదియును జెప్ప నొకటె!

గజపతినగరం అక్క: పైడితల్లమ్మ కళ్లముందు కదిలింది.

కోటవీధి మాస్టారు: నడక బాగుంది, యతులన్నీ పడ్డాయి. కానీ పూజారి కూర్చునేది నేల మీద కాదు, మాను కొసన. అదే 20 మీటర్ల వేగంతో 30 డిగ్రీలకు విసిరిన పండు చెయ్యి వదిలినచోటికి 5 మీటర్లు మించి లేవదు. ఆయన అంతకన్నా ఎత్తులో ఉంటే అందనే అందదు. 60 డిగ్రీల పండు 15 మీటర్లు లేస్తుంది. (ఆ వేగం గంటకు 72 కిలోమీటర్లు, అమ్మ మీద భక్తి సరే, పూజారి మీద దయ ఉంచండి.)

బొబ్బిలి వీణ: అయితే ఎత్తులో ఉన్న గురికి రెండు కోణాలు ఉండవా?

కోటవీధి మాస్టారు: ఉంటాయి, వేగం చాలితే. కూడితే వచ్చేది 90 కాదు, 90కి గురి కనబడే కోణం కలిపినంత. పూజారి 20 డిగ్రీల ఎత్తులో కనబడితే మొత్తం 110. అప్పుడు 30కి జోడీ 80.

అయోధ్యా మైదానం: అయితే మీ సమస్యే మార్చుకోవాలి, నా పద్యం కాదు!

కోటవీధి మాస్టారు: నేను మార్చను, మీరే పూజారిని దింపండి. ఈ వారం మొదటి మార్కు బొబ్బిలికి, నవ్వించినందుకు రెండోది అక్కకి. వచ్చే వారానికి పాదం: ‘ఆగినది కాని యాగదే యట్టి బంతి’. గుంటడూ, ఈసారి నాలుగు పాదాలూ రావాలి.