ముందే తెలిసిన తీగ పని మధ్యలో ఎలా గుర్తుంటుంది?

హెలికాప్టర్‌తో పంటలకు మందు చల్లేవారికి, విద్యుత్ లైన్ల తనిఖీకి ఎగిరేవారికి నమస్కారం. త్వరలో నేను తక్కువ ఎత్తు పనిలో శిక్షణ మొదలుపెడుతున్నాను. ప్రమాద నివేదికలు చదువుతుంటే ఒక సంగతి మింగుడుపడటం లేదు. ఢీకొన్న తీగ అక్కడ ఉందని పైలట్‌కు ముందే తెలిసిన సందర్భాలు ఒకటీ రెండూ కావు.

తీగ కంటికి ఆనదు, స్తంభాలను బట్టే దాని జాడ పట్టాలని అర్థమైంది. పెద్ద లైన్లలో లావు తీగలకు పైన సన్నని ఎర్త్ వైర్ ఉంటుంది కనుక టవర్ మీదుగానే దాటమంటారు. ఇంతవరకు సరే. స్తంభాలు చెట్ల చాటున ఉంటే? పైనుంచి ఒక చుట్టు తిరిగి చూస్తే చాలా, లేక ముందుగా నేల మీద కూడా తిరిగి చూసుకుంటారా? అసలు నా భయం వేరే. రేడియోలో పిలుపు వచ్చినప్పుడు, గాలి మారి చల్లే దిశ మార్చాల్సి వచ్చినప్పుడు, చివర్లో మిగిలిన చిన్న పొలం ముక్క కోసం వెనక్కి తిరిగినప్పుడు ఆ తీగను మనసులో ఎలా నిలుపుకుంటారు? నోటితో పైకి చెప్పుకోవడం నిజంగా పనిచేస్తుందా?

ఇంకొకటి. హెలికాప్టర్‌కు బిగించే, తీగలు కోసే కత్తెరలు ఉన్నాయి. అయితే తీగ ముందువైపు నుంచి తగలాలి, తగినంత వేగమూ ఉండాలి. తోక రోటర్‌కు తగిలితే అవి చేయగలిగింది లేదు. విద్యుత్ క్షేత్రాన్ని పసిగట్టే పరికరాలు కరెంటు లేని తీగను పట్టలేవు. నెమ్మదిగా సాగే పనిలో వీటిని బిగించుకున్నవారు ఉంటే, అవి మీకు ఎప్పుడైనా అక్కరకు వచ్చాయా?